ముందు సగం, వెనక సగం

షాహీన్ మా ఇంటికి వచ్చిన రోజు నేను మంచి హుషారులో ఉన్నాను. నా మొట్టమొదటి నవల ‘గాజునగరం’ ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ అచ్చు వేస్తామని ఒక పబ్లిషరు ఫోన్ చేసి ఉన్నాడు. ఆదోనిలో కూర్చుని సైన్స్ ఫిక్షన్ రాసేవాడు పత్తి యార్డులో గులాబీ మొక్కలు అమ్ముకునేవాడి లాంటివాడు. అందరూ ఆగి చూస్తారు, నవ్వుతారు, పోతారు. జిన్నింగ్ మిల్లులో గుమాస్తా పని చేసుకుంటూ, సాయంత్రాలు అంగారకుడి మీద మనుషుల్ని దించుతూ బతికినవాణ్ణి. ఎన్ని గ్రహాల గురించి రాసినా పబ్లిషర్ల అనుగ్రహం మాత్రం నాకు అమావాస్య చంద్రుడిలాగే ఉండేది. ఉందంటారు గాని కనపడదు. అలాంటిది, అడక్కుండా ఫోన్ వచ్చింది.

షాహీన్ మా వీధి పిల్లే. వాళ్ళ నాన్నది కిరాణా కొట్టు. యూనివర్సిటీలో పాత తెలుగు అద్భుత నవలల మీద పరిశోధన చేస్తోంది. నా పుస్తకాలు కూడా అందులో ఉన్నాయని విని నేను ఆ కొట్లోనే సరుకులు కొనడం మొదలుపెట్టాను. ఆ రోజు టీ తాగుతూ కప్పులోకే చూస్తూ కూర్చుంది.

“సార్, ఒకటి అడుగుతా. ఏమనుకోరు గదా?”

“అడుగమ్మా. నన్ను అడిగేవాళ్ళు లేకే ఇట్లున్నా.”

“గాజునగరం కథ మీకు ఎట్ల తట్టింది సార్?”

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధమే. ఎన్ని సభల్లో చెప్పానో. “నాకు తట్టలేదమ్మా, మా నీలకంఠప్ప మామ తట్టి లేపినాడు. మా అమ్మ తమ్ముడు. మగ్గం నేసేవాడు. ఆయన తలకాయలోంచి నా తలకాయలోకి వచ్చిన కథ. మధ్యలో ఏ పుస్తకమూ లేదు.”

ఆ అమ్మాయి మెల్లగా ఫోను తీసి నా ముందు పెట్టింది. కోస్తాలో ఏదో ఊరి గ్రంథాలయంలో దొరికిన పాత నవల పేజీలు, ఫొటోలు తీసుకుని వచ్చింది. నేను అక్షరాలు దిద్దక ముందే అచ్చయిన పుస్తకం. రాసినాయన పేరు నేనెప్పుడూ వినలేదు. మొదటి పేజీ చదివాను. పడవ సరంగు కొడుకు ముకుందం. వాడు కాలువ గట్టున పాడుబడిన గిడ్డంగిలో దాచిన ఎగిరే యంత్రం. నా ముకుందం, నా గిడ్డంగి, నా యంత్రం.

“మీరు దీన్ని చూసి రాసినారని నేను అనుకోవడం లేదు సార్.”

“మరి ఏమనుకుంటున్నావు?”

“అదే తెలీక వచ్చినా. థీసిస్‌లో ఏదో ఒకటి రాయాల గదా.”

నిజమే. ఏదో ఒకటి రాయాలి. ఆ అమ్మాయి రాసేదాంట్లో నేను రచయితగా ఉంటానో, దొంగగా ఉంటానో తేలాలి. మళ్ళీ అచ్చు కాబోతున్న పుస్తకం అట్ట మీద నా పేరు ఉండొచ్చో లేదో తేలాలి. ఆమె పోయాక, నా ఫోనుకు పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసుకుని మధ్యాహ్నమంతా చదివాను. ముకుందం యంత్రం గాజునగరం సింహద్వారం ముందు దిగేదాకా రెండు కథలూ ఒకటే. అక్కణ్ణుంచి ఒక్క వాక్యం కలవలేదు. ఆ పాత పుస్తకంలో ముకుందం రాకుమారిని పెళ్ళి చేసుకుని ఇంటికి తిరిగి వస్తాడు. నా పుస్తకంలో వాడు ఇంటికి రాడు. సరిగ్గా సగం దగ్గర ఎందుకు విడిపోయాయో నాకు అంతు పట్టలేదు. అంతు పట్టించగల మనిషి ఎమ్మిగనూరులో ఉన్నాడు.

నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకుని ఎమ్మిగనూరులో పుట్టింటికి చేరింది. ఆ ఇంటిని తలచుకుంటే నాకు ముందు వచ్చేది గంజి వాసన. పడుగుకు పెట్టిన గంజి ఎండుతున్నప్పుడు పులిసిన అన్నానికీ తడి మట్టికీ మధ్య ఒక వాసన వస్తుంది. మా చొక్కాలకు, దుప్పట్లకు, చివరికి మా అవ్వ పెట్టే మజ్జిగకు కూడా ఆ వాసనే. ఇంట్లోకి అడుగు పెట్టగానే మగ్గం గుంత. ఆ గుంతలో కాళ్ళు వేలాడేసుకుని మామ. అందులో కూర్చున్నవాడికి లోకమంతా ఒకడుగు ఎత్తున కనపడుతుంది. అందుకేనేమో మామ ఎవరితో మాట్లాడినా తల పైకెత్తి, ఆకాశంతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. అవ్వ వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. వక్కాకు నములుతూ, పోయే వచ్చే మనుషుల నడకను బట్టి వాళ్ళింట్లో ఏం జరిగిందో చెప్పేది. ఆమె చెప్పినవాటిలో సగం కల్పన. ఆ లెక్కన మా ఇంట్లో మొదటి రచయిత మా అవ్వే.

పాత పడుగు అయిపోయి కొత్తది ఎక్కించే రోజు మా ఇంట్లో పండగా, శిక్షా కలిసి వచ్చేవి. పాత పడుగు కొసల్ని మగ్గానికుండే దువ్వెనలాంటి అచ్చులో అలాగే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి అతకాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలి వేయాలి. దాన్ని అచ్చు అతకడం అంటారు. పొద్దున మొదలుపెడితే పొద్దు వాలేదాకా పట్టేది. అచ్చు సగంలో ఉండగా ఎవరూ లేవకూడదన్నది ఇంటి ఆచారం. లేస్తే బట్టకు కీడు అనేది అవ్వ. అసలు సంగతి, ఒకరు లేస్తే అందరూ లేస్తారని ఆమె భయం. నన్ను, అమ్మను, మామ పెళ్ళాం పార్వతమ్మత్తను, పక్కింటివాళ్ళను కట్టిపడేయడానికి ఒక్కటే మందు, మామ కథ. దానికీ అవ్వ చట్టం ఉండేది. పని ముగిసేసరికి కథ కూడా ముగియాలి. రేపు చెబుతానంటే కుదరదు.

“సగం కత సెప్పేటోడు సగం మొగోడు” అనేది మామను ఉడికిస్తూ.

“నీ నోట్లో వక్క అయిపోయేలోపల ఐపోతాదిలేమ్మా, పోగు సూసి అతుకు” అనేవాడు మామ.

నెలకో రెండు నెలలకో ఒకసారి సావుకారు నేసిన బట్టల మూట ఇచ్చి మామను ఆదోని పంపేవాడు. మామ మొదటి బస్సుకు పోయి చివరి బస్సుకు వచ్చేవాడు, చేతిలో కాగితం పొట్లంలో మిరపకాయ బజ్జీలు. బజ్జీలు చల్లారిపోయి, నూనె కాగితానికి పట్టి ఉండేవి. వాటిని మళ్ళీ పెనం మీద వేడి చేసి తినేవాళ్ళం. మూటతో పోయిన మనిషి సాయంత్రందాకా అక్కడ ఏం చేసేవాడో మేం అడగలేదు. కొనేవాళ్ళు కూర్చోబెట్టి ఉంటారనుకున్నాం.

మామ కథల్లో ఎన్ని లోకాలు. గాలిలో తేలే ఊళ్ళు, నీడలు లేని మనుషులు, అద్దంలోంచి అటువైపు దిగే మెట్లు. గుంతకల్లు దాటి పోని మనిషి చంద్రుడి దాకా పోయి వచ్చేవాడు. గాజునగరం కథలో మొదట్లో ఒక చోట ముకుందం పడవ మెట్టెక్కుతుంది. కాలువలో నీళ్ళకు ముందొక తలుపు, వెనకొక తలుపు. పడవను మధ్యలో పెట్టి తలుపులు మూస్తే, నీళ్ళు ఉబ్బి పడవ పై కాలువలోకి లేస్తుంది. నేను పోగు వదిలేసి మామ ముఖం చూశాను. నీళ్ళకు తలుపు పెట్టొచ్చని ఎవరికి తడుతుంది? మా తుంగభద్ర కాలువలో నీళ్ళు వచ్చేదే అబ్బరం, పడవ ఎవరు చూశారు? చంద్రుడి మీద నగరం కంటే ఆ తలుపే నాకు పెద్ద అద్భుతం అనిపించింది. ‘రాస్తే ఇలాంటిది రాయాలి’ అని ఆ రోజే అనుకున్నాను. నా రచనా జీవితం అక్కడ మొదలైంది.

కాలేజీ అయ్యాక ఒకరోజు మగ్గం గుంత పక్కన కూర్చుని అడిగాను.

“మామా, గాజునగరం నవలగా రాస్తా.”

మామ పేక దారం నింపిన నాడెను అటూ ఇటూ విసురుతూనే ఉన్నాడు. “రాసుకోప్పా. నాకేం.”

“అసలీ కథ యాడిది మామా?”

“యాడిదేంది? ఈడిది” అని వేలితో తల మీద కొట్టుకున్నాడు.

రాశాను. పుస్తకం వచ్చింది. హైస్కూలు హాల్లో సభ పెట్టారు. అంకితం మామకే. ముందు వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న మామను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పించాను. “ఈ కథ నాది కాదు, ఈ మనిషిది” అన్నాను. చప్పట్లు కొట్టారు. మామ చేతులు జోడించి అటూ ఇటూ తిరిగి దండం పెట్టాడు. ఆ శాలువా చాలా ఏళ్ళు చలికాలాల్లో కప్పుకున్నాడు కూడా.

కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు ఆ సభకు వచ్చి, తర్వాత నా చెయ్యి పట్టుకుని, “మా ఊరి లాకుల్ని అచ్చంగా దించేశారండీ” అన్నాడు. లాకులంటే ఏమిటో నాకు తెలియదు. ఏదో మెచ్చుకోలనుకుని, “మీ ఊరు నేను చూళ్ళేదండీ, అదంతా కల్పన” అన్నాను వినయంగా. సూర్యుడు నా కల్పన అని చెప్పిన మనిషిని చూసినట్టు చూశాడాయన. కోస్తా కాలువల మీద నీళ్ళకు తలుపులు నిజంగానే ఉంటాయని, లాకులంటే అవేనని నాకు తెలిసేసరికి వారపత్రికల్లో నా సీరియళ్ళు వస్తున్నాయి. అప్పుడు కూడా అనుమానం రాలేదు. చూడకుండానే ఉన్నదాన్ని ఊహించిన మా మామ ఎంత గొప్పవాడో అని పొంగిపోయాను. నమ్మకం అనేది ఒకసారి గంజి పెట్టి ఆరేస్తే అంత బిగుసుకుంటుంది.

షాహీన్ వచ్చిపోయిన మర్నాడు ఎమ్మిగనూరు బస్సెక్కాను. దారి పొడుగునా పత్తి కట్టెలు పీకేసిన చేలు, ఎర్రటి దుమ్ము. మామ వీధిలో అప్పట్లో ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడు వినపడేది. ఆ చప్పుడును బట్టే ఎవరి ఇంట్లో మనిషి జ్వరంతో పడుకున్నాడో తెలిసేది. ఇప్పుడు ఏ ఇంటి ముందు నిలబడినా టీవీ. మనిషి ఉన్నాడో లేడో తెలియదు. మామ ఇంట్లో మగ్గం గుంత పూడ్చి టైల్స్ పరిచారు. సరిగ్గా ఆ చోట ఫ్రిజ్ ఉంది. అదీ ఆగకుండా చప్పుడు చేస్తుంది గాని, గజం బట్ట రాలదు. గంజి వాసన పోయి ఫినాయిల్ వాసన వచ్చింది. ఇవన్నీ నేను వచ్చినప్పుడల్లా చూసేవే, చూసి జోకులేసేవే. ఆ రోజు మాత్రం ఆ ఇంట్లో మారకుండా ఉన్న ఒకే ఒక్కటి ఏమవుతుందోనని భయంగా ఉంది.

మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు సరిగా ఆనవు. అడుగుల చప్పుడుకే గుర్తు పట్టాడు.

“రా అల్లుడా. ఫోను గూడా సేయకుండా వచ్చినావే.”

“ఊరకే మామా. చూసి పోదామని.”

“ఊరకే వచ్చే రకం కాదులే నువ్వు. కూకో.”

“ఉగ్గాని సేసినా, తింటావాప్పా?” పార్వతమ్మత్త వంటింట్లోంచి అడిగింది. తర్వాత అన్నాను.

ఫోను తీసి, ఏమీ చెప్పకుండా ఆ పాత పుస్తకం మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు చదివానో లేదో, మామ కళ్ళు మూసుకుని అయిదోది తనే చెప్పాడు. ఆ తర్వాతిది కూడా. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. అచ్చు భాషలో, మా యాస లేకుండా. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చివరికి ఆగి, “అదే గదా?” అన్నాడు.

“అదే మామా. యాడిదిది?”

“ఆదోనిది. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల కొట్టు ఉండ్య గదా, దాంట్లోది.”

“ఎప్పుడో ఒక పొద్దు అడుగుతావనుకున్యాంలే” అంది అత్త, తలుపు దగ్గరికి వచ్చి నిలబడి.

మామ చెప్పుకుపోయాడు. ఆ కొట్టాయన లావు పుస్తకం తెచ్చాడంటే ముందు చేసే పని దాన్ని నడిమికి కోసి, రెండు అట్టలేసి, రెండు పుస్తకాలుగా కుట్టడం. రెండు సగాలూ విడివిడిగా అద్దెకు తిరుగుతాయి. బట్టల మూట అప్పజెప్పి వచ్చిన మామను కొట్టు ముందు బల్ల మీద కూర్చుని చదువుకోనిచ్చేవాడు. చివరి బస్సు వేళలోపు ఒక సగమే అయ్యేది.

“మరి రెండో సగం?”

“మల్ల నెలకు పోతే అది ఎవురి సేతిలోనో ఉంటాది. అప్పుటిదాంక అచ్చు ఆగుతాదా? మీ అవ్వ ఊరుకుంటాదా? సగంలో లేస్తే కీడనె గదా. ఇంగేం సేస్తును, ఎనక సగం నేనే సెప్పినా.”

అప్పుడు అర్థమైంది, రెండు కథలూ సింహద్వారం దగ్గరే ఎందుకు విడిపోయాయో. కొట్టాయన కత్తి పడింది అక్కడ. లోపలికి పోయాక ఉన్నదంతా మామది. నీళ్ళ కంటే గాజు చౌకగా దొరికే ఆ నగరం, వీధి కుళాయి దగ్గర గాజు బిందెలు పెట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు, సూర్యుడు నేరుగా ఒళ్ళు కాలుస్తుంటే ఊరంతటి మీద పందిరిలాగా ముకుందం పరిచిన పడుగు. ఆ నీడలో మొదటిసారి నిద్రపోయిన గాజు మనుషులు. వాళ్ళను వదిలి ఇంటికి పోలేక అక్కడే మగ్గం గుంత తవ్వుకున్న ముకుందం. చదివినవాళ్ళు గుర్తు పెట్టుకున్నది ఆ సగాన్నే. ఒక్క క్షణం నాకు పోయిన మనిషి తిరిగి వచ్చినట్టయింది. దొంగిలించింది ముందు సగం. వెనక సగం నిజంగా ఆ తలకాయలోదే. అంతటితో లేచి వచ్చి ఉంటే బాగుండేది. రచయితలకు ఎక్కడ ఆపాలో తెలియదు.

“నేను పుస్తకం వేసేటప్పుడు ఒక్క మాట చెప్పుండొచ్చు గదా మామా.”

మామ అత్త ఉన్న తలుపు వైపు ముఖం తిప్పాడు.

“నేను సెప్పమన్యాప్పా” అంది అత్త. “నువ్వు రాస్తాండావని తెల్సిన పొద్దే సెప్పమన్యా. శాలువా పొద్దు గూడా సెప్పమన్యా. ఇనలే.”

అంటే ఆమెకూ తెలుసు. ఈ ఇంట్లో నేను తిన్న ప్రతి ముద్దా తెలిసినవాళ్ళే పెట్టారు. తెలియంది తింటున్నవాడికే.

“అందరి ముందర దండం పెట్టినావు మామా. ఈ కథ ఈయనది అని నేను చెప్తే దండం పెట్టినావు. నాకెందుకు చెప్పలేదు?”

“ఏం సెప్పాల?” మామ గొంతులో కోపం లేదు, తప్పు చేసినవాడి బెరుకూ లేదు. వయసు మీద పడినవాళ్ళు ఆకలి గురించో, ఎండ గురించో చెప్పినంత మామూలుగా చెప్పాడు. “ముచ్చట పడి రాసుకుంటాండావు. ఎవురో దయ తల్సి ఏస్తారు. పది మంది కొని మూల పడేస్తారు, ఆడికి సరి అనుకున్యా. మగ్గమోళ్ళ పిల్లోడు రాసింది ఎవురు సదువుతారప్పా?”

ఈ మాట రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. కథ ఎక్కడిదో దాచినందుకు మామ మీద కోపం ఎంతోసేపు నిలవలేదు. కథలు చెప్పేవాళ్ళంతా ఎంతో కొంత దాస్తారు, నేనూ ఆ బాపతే. కానీ ఇన్ని పుస్తకాలు రాస్తున్నంత కాలమూ నా వెనక ఒక మనిషి కూర్చుని ‘రాయప్పా’ అంటున్నాడనుకున్నాను. మిల్లులో తోటి గుమాస్తాలు నవ్వినప్పుడు, రాత ప్రతులు తిరిగి వచ్చినప్పుడు, గ్రహాంతరవాసి అని వీధిలో పిల్లలు పేరు పెట్టినప్పుడు, ఎమ్మిగనూరులో ఒకడు నన్ను నమ్మాడులే అనుకున్నాను. నేను రాసిన కల్పనలన్నిటిలోకీ పెద్దది అదే. ఆయన నన్ను నమ్మలేదు. నన్ను ఎవరూ చదవరన్న సంగతిని నమ్మాడు. ఆ నమ్మకం మీద నిశ్చింతగా శాలువా కప్పుకున్నాడు.

అత్త పళ్ళెంలో ఉగ్గాని తెచ్చి పెట్టింది. తినలేదు.

మామ నా వైపు తిరిగాడు. “మల్ల అచ్చు ఏస్తాండారంటివే ఆ పొద్దు ఫోన్లో.”

“ఊఁ.”

“ఎనక సగం నాదని రాస్తావా దాంట్లో?”

నేను ఆయన ముఖంలోకి చూశాను. నిజంగానే అడుగుతున్నాడు. ముందు సగం ఎవరో పెద్దాయనది, వెనక సగం మామది. పడుగు ఒకరిది, పేక ఒకరిది. అటూ ఇటూ పరిగెత్తిన నాడెను నేను.

“రాస్తా మామా.”

“ఇంటిపేరుతో రాయి. ఉత్త నీలకంఠప్పలు ఊరి నిండా ఉండారు.”

ఆ మాట తప్పలేదు. పబ్లిషరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. మీ పేరు తీసేస్తే పుస్తకం ఎవరు కొంటారు సార్ అని ఆయన కొంత గింజుకున్నాడు. ఆ పాత రచయిత తరఫువాళ్ళు ఎవరైనా ఉన్నారేమో వెతికి, వాళ్ళు సరేనన్నాకే పని మొదలుపెట్టమన్నాను. షాహీన్‌ను కూడా వెతకమన్నాను. దొరికితే ఈసారి అట్ట మీద రెండు పేర్లుంటాయి, రెండూ ఇంటిపేర్లతో. నా పేరు ఉండదు. థీసిస్‌లో ఇదంతా రాసుకోమని షాహీన్‌కు చెప్పాను. “మిమ్మల్ని ఏమని రాయాల సార్?” అని అడిగింది.

ఆ రోజు బస్సుకు వేళవుతోందని లేచాను. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లోంచి బయలుదేరినప్పుడల్లా మామ కాళ్ళకు మొక్కి బయలుదేరడం నాకు అలవాటు. పరీక్షలకు పోతున్నా, పెళ్ళికి పోతున్నా, ఊరికే ఆదోని పోతున్నా అంతే. నేను లేచిన చప్పుడు విని మామ మంచం మీది నుంచి రెండు కాళ్ళూ కిందికి దించి, పక్కపక్కన నేల మీద పెట్టుకుని కూర్చున్నాడు. పంచె కొంచెం పైకి లాక్కున్నాడు, నాకు అడ్డం రాకుండా.

చూశాను. గడప దగ్గరికి పోయి చెప్పులేసుకున్నాను. “పొయ్యొస్తా మామా” అని వాకిట్లోంచే చెప్పాను. ఆయన ముఖం నేను ఇంకా లోపలే ఉన్నట్టు కిందికే వంగి ఉంది.